తెల్ల గ్లవ్స్

ఎటు చూసినా కొత్త ఇళ్లు లేస్తున్న ఐర్లండ్ ఊరు ట్రాలీలో, ఓ వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో దయామణి నర్సు. టీ అందించడానికి కూడా తెల్ల గ్లవ్స్ తొడుక్కుంటుంది. "ఆ నల్ల చేతులతో ఇవ్వకు" అని ముసలి మైకేల్ మొదట్లోనే అన్నాడు మరి. ఎవరేమన్నా అక్కడివాళ్లలాగే "గ్రాండ్, గ్రాండ్", అంతా బాగుందంటూ నవ్వేస్తుంది. తోటి నర్సు, నైజీరియా మనిషి ఎన్గోజీని చూస్తే మాత్రం ఒళ్లు మంట. ఆమె టీకి గ్లవ్స్ తొడగదు. బ్రేకులో అమెరికా నల్లవాళ్ల నవలలు చదువుతుంది, మహారాణిలా నడుస్తుంది. "నాకంటే నలుపేగా, దానికెందుకండీ అంత పొగరు?" అని దయామణి మొగుడి దగ్గర రోజూ అక్కసు వెళ్లగక్కుతుంది.

నిన్న మైకేల్ ఎన్గోజీతోనూ ఆ నల్ల చేతుల మాటే అన్నాడు. ఆమె కప్పు బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని, నవల తెరిచింది. "టీ చల్లారిపోతుంది మైకేల్. నా చేతులైతే మారవు." కాసేపటికి ముసలాయన కప్పందుకుని, "ఏముందందులో?" అన్నాడు. "నాలాంటి నల్లామె. పరాయి ఇంట్లో వండి వండి, ఒకరోజు తల వంచడం మానేసింది." గుమ్మంలోంచి దయామణి అంతా చూసింది. చేతులు మారవన్న ఆ మాట తనకెందుకు తోచలేదు? ఇవాళ ఉత్త చేతులతో టీ పట్టుకెళ్లింది. మైకేల్ మొహం తిప్పుకున్నాడు. దయామణి కప్పు బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుంది. చదవడానికి పుస్తకం లేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, వాటినే చూస్తూ కూర్చుంది.