డ్రమ్ములో పురుగులు, పేపర్లో అత్తగారు

మా అత్తగారు కళ్లజోడు తుడిచి పెట్టుకుని, పేపర్లో నా వ్యాసం మీద వేలుపెట్టి, "ఈ వృద్ధురాలెవరమ్మా?" అని అడిగారు.

అప్పటికే ఆలస్యమైంది. యూనివర్సిటీలో జర్నలిజం విద్యార్థులం మేమే రాసి అచ్చు వేసుకునే నాలుగు పేజీల పత్రికలో కోడలి పేరు పడిందన్న సంబరంతో, ఆవిడ ఆ ఉదయం ఆరాధన అవగానే చర్చిలో స్త్రీల సమాజం వాళ్లందరికీ కాపీలు పంచేశారు. వస్తూ వస్తూ పక్కింట్లోనూ ఒకటిచ్చారు. చదవకుండానే.

"పర్యావరణమంటే పులులూ అడవులే కాదు, మీ పెరట్లో చూడండి" అన్నారు సైన్సు, పర్యావరణ వార్తలు రాయడం నేర్పే మా లెక్చరర్. డెంగీ పాఠం విన్నప్పటి నుంచి గంటకోసారి పిల్లల నుదుళ్లు తడిమి చూస్తున్నదాన్ని, నాకా మాట చాలు. పెరట్లో నీళ్ల డ్రమ్ము మూత తీశాను. సన్నటి పురుగులు గిలగిల్లాడుతున్నాయి, దోమపిల్లలు. దాని మీదే వ్యాసం రాశాను, అత్తగారి పేరు మాత్రం రాయలేదు. "బొల్లారంలో ఒక వృద్ధురాలు, విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు, నీలం డ్రమ్ముకు పగిలిన క్యారమ్ బోర్డు మూతపెట్టి..." అని రాశానంతే. వివరాలు బాగున్నాయని లెక్చరర్ మెచ్చుకున్నారు కూడా.

గోడ మీది నుంచి పక్కింటావిడ అదే పేజీ ఊపింది. "అమ్మా, గిది మీ ఇల్లే గదా! క్యారమ్ బోర్డు సుత రాసింది మీ కోడలు!"

"పేరు వెయ్యలేదుగా అమ్మా" అని మావారు చెప్పులేసుకుని బయటికి జారుకున్నారు.

నేను క్లాసుకు వెళ్తే పిల్లలిద్దర్నీ చూసేది అత్తగారే. ఆవిడ కాదంటే నా చదువు ఆ పూటతో సరి.

"పురుగులున్నాయన్నావు, ఉన్నాయి, ఒప్పుకుంటా. వృద్ధురాలెక్కడుంది? చూపించు. నేను రిటైరై మూడేళ్లు కాలేదు!"

"అది కాదు అత్తయ్యగారూ..."

"కుళాయి రోజు మార్చి రోజు వస్తే డ్రమ్ము కడిగి ఆరబెట్టేదెప్పుడని నన్నడిగావా? బళ్లో ఎవణ్ణైనా కొట్టేముందు వాడి మాట కూడా వినేదాన్ని నేను!"

"అడుగుదామనే అనుకున్నానండీ. భయమేసింది."

"జెర నిమ్మళంగుండమ్మా, పరేషాన్ కాకు" అంది పక్కింటావిడ నవ్వాపుకుంటూ.

"నువ్వూరుకోవమ్మా. మీ నీళ్ల సంపుకి అసలు మూతే లేదు. అది కూడా రాయమననా?"

గోడ మీద తల మాయమైంది.

అత్తగారు పమిట దోపుకుని, రెండు చేతులా డ్రమ్ము వంచి బోర్లించేశారు. నీళ్లు పెరడంతా పారి, గేటు కింద నుంచి వీధిలోకి వెళ్లాయి. చివరి బొట్టు కారిపోయాక గానీ మళ్లీ కుళాయి వచ్చేది ఎల్లుండని ఇద్దరికీ గుర్తు రాలేదు.

"రేపు నీళ్లు లేవు. నువ్వు క్లాసుకు పోయాక పిల్లల స్నానాల సంగతి నాకు చెప్పకు" అన్నారు, తడిసిన కుచ్చిళ్లు పిండుకుంటూ.

నువ్వు క్లాసుకు పోయాక! మిగతాదేదీ నాకు వినపడలేదు.

మర్నాడు పొద్దున పిల్లలకు చెప్పాను: "ఇవాళ స్నానాల్లేవు, తడిగుడ్డతో తుడుస్తా. స్కూల్లో టీచరడిగితే నీళ్లు రాలేదని చెప్పండి, పేపరు సంగతి ఎత్తకండి. మధ్యాహ్నం నానమ్మ ఏం పెడితే అది తినండి, వంక పెట్టకండి. నేను మూడింటికల్లా వచ్చేస్తా."