రేసు క్లచ్ రాదన్న మేస్త్రి

మా మేస్త్రి పోయారన్న కబురు మణుగూరు నుంచి వచ్చే పొద్దుటి బస్సు కండక్టర్ చెప్పాడు. జూలూరుపాడులో నన్ను చూసి ఆగి, "పినపాక మెకానిక్ పోయిండు సార్, దమ్ము ఎక్కువై ఊపిరాడలె" అన్నాడు. బడికి సెలవు చీటీ పంపి, ఎదురుగా వచ్చిన బస్సెక్కాను. దారిపొడవునా వాన పడుతూనే ఉంది.

పినపాకలో రోడ్డు పక్కన తడికెల షెడ్డు ఆయనది. ఎండాకాలం ఆదివారాలు అక్కడి కుర్రకారుకు మోటారుసైకిల్ పందేల పిచ్చి. ఊరు దాటాక తిన్నగా ఉండే రోడ్డు మీద రెండు బండ్లు పక్కపక్కన నిలిపి, మైలురాయి దాకా ఉరికించేవాళ్లం. మిగతా ఆరు రోజులూ అవే బండ్లు అడవి దారుల్లో పెళ్లాం పిల్లల్నీ, ఎరువు బస్తాల్నీ మోయాలి. ఆ రెండు పనులకూ పనికొచ్చే క్లచ్ కట్టడం ఆ చుట్టుపక్కల ఆయనొక్కరికే తెలుసు.

గాజుపలక మీద గరుకు కాగితం పరిచి క్లచ్ ప్లేట్లన్నీ ఓపిగ్గా రుద్దేవారు. ఆరు స్ప్రింగుల్లో మూడు గట్టివి, మూడు మామూలువి, ఒకటి విడిచి ఒకటి బిగించేవారు. తర్వాత ఆయన భార్య, మేమంతా అక్కా అని పిలిచే మనిషి, నిండు చెంబు పట్టుకుని వెనక కూర్చునేది. బండి కదిలినప్పుడు నీళ్లు ఒలికి ఆమె చీర తడిస్తే మళ్లీ అంతా విప్పడమే. "బండి ఉరకాలె, ఎనక కూసున్నోళ్లకు తెల్వొద్దు" అనేవారు మేస్త్రి. చీర తడిసిన రోజు అక్క పెట్టే చీవాట్లు కూడా ఆయన నవ్వుతూనే తినేవారు.

అప్పుడు నేను పినపాక బడిలో కొత్తగా ఉద్యోగంలో చేరిన పంతుల్ని. తెలివి తక్కువ, నోరు ఎక్కువ. ఆరు స్ప్రింగులూ గట్టివే కావాలని పందేనికి ముందురోజు షెడ్డులో భీష్మించుకు కూర్చున్నాను. ఆరూ గట్టివైతే క్లచ్ నొక్కడం కష్టం, వదిలితే బండి ఎగిరి దూకుతుంది, కుదరదన్నారు ఆయన. సాయంత్రం దాకా ప్రాణం తీశాక ఒప్పుకున్నారు.

"పందెం అయినంక సీదా ఇటే రా, విప్పుదం. అప్పటిదాక ఎనక ఎవ్వర్ని ఎక్కియ్యకు తమ్మీ."

గెలిచాను. గెలిచినవాణ్ణి మళ్లీ షెడ్డుకెందుకు పోతాను? బండి అలా ఎగిరి దూకుతుంటే జనం తిరిగి చూడటం నాకు మహా సరదాగా ఉంది. నెల తిరక్కముందే మా అమ్మను వెనక ఎక్కించుకున్నాను. వాగు దాటి గట్టెక్కుతుంటే గేదెలు అడ్డొచ్చాయి. ఆ గట్టి క్లచ్ నొక్కి పట్టుకుని పట్టుకుని వేళ్లు తిమ్మిరెక్కి జారాయి. బండి ముందు చక్రం ఒక్కసారిగా లేచింది, అమ్మ వెనక్కి రాళ్ల మీద పడింది.

తుంటి విరిగింది. దవాఖానాలో మా మామయ్య, ఆ మేస్త్రి కట్టిన క్లచ్చేనా అని అడిగితే అవునన్నాను. అంతే అన్నాను. మర్నాడు మేస్త్రి వచ్చారు. మంచం దగ్గర నిలబడి నా వంక చూశారు, నేను కిటికీ వంక చూశాను. "తప్పు నాదే అమ్మా, కట్టకుంట ఉండాల్సింది" అని మా అమ్మ పాదాలు ముట్టుకుని వెళ్లిపోయారు.

ఆ తర్వాత ఆయన రేసు క్లచ్ ముట్టలేదు. ఎవరొచ్చి అడిగినా "నాకు రాదు" అనేవారట. అంత పనిమంతుడు పంక్చర్లు వేసుకుంటూ బతికారు. అమ్మ పోయేదాకా చేతికర్రతోనే నడిచింది. నేను బదిలీ చేయించుకుని జూలూరుపాడు చేరాను. పన్నెండేళ్లు పినపాక వైపు వెళ్లలేదు. సిగ్గు అనండి, పిరికితనం అనండి, రెండూ నిజమే.

నేను వెళ్లేసరికి షెడ్డు ముందు వానకు టార్పాలిన్ పట్టాలు కట్టి, ఆయన్ని కింద పడుకోబెట్టారు. నా పక్కనున్న కుర్రాడెవరో మెల్లగా అంటున్నాడు, మేస్త్రి మంచోడే గాని రేసు క్లచ్ రాకపోయేదట, ఎవరో ముసలమ్మ నడుం విరగ్గొట్టాడట అని.

"వచ్చు" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "ఆయనకు వచ్చు. ఎనక ఎవర్ని ఎక్కియ్యొద్దని చెప్పిండు, నేనే ఎక్కించిన. పడ్డది మా అమ్మ."

అందరూ నా వైపు తిరిగారు. తలదగ్గర కూర్చున్న అక్క తలెత్తి నా వంక చూసింది.

"ఇప్పుడా తమ్మీ వచ్చుడు" అంది.

వంగి, ఆయన మూసిన కళ్ల మీద వాలుతున్న ఈగల్ని కొంగుతో తోలుతూ కూర్చుంది.