ఏసీకి అక్క అల్లిన గలీబు

మా క్యాంపర్ల పార్కులో వెల్డాది ఆఖరి బండి. భర్త పోయాక ఇల్లమ్మేసి, ఈ చక్రాల ఇల్లు కొనుక్కుని, రాక్‌పోర్ట్ సముద్రపు ఒడ్డున దర్జాగా ఉంటోంది. పొద్దున్నే పీతలు పట్టుకుంటుంది, సాయంత్రం డొమినోల్లో నన్ను ఓడిస్తుంది. ఆ ఓడించడం ఒక్కటే నాకు గిట్టదు.

ఆమె అక్క ఆర్డిస్‌కి ఈ బతుకు నచ్చలేదు. "రేకు డబ్బాలో మనుషులుంటారటే?" అని ఏళ్ల తరబడి గడప తొక్కలేదు. ఈ ఆగస్టులో తొలిసారి వస్తానంది, అదీ ఒక్క రాత్రికే. బండి ఉడికిపోతే ఆ రాత్రి కూడా మోటెల్‌కే పోతుందని వెల్డా బెంగ.

సరిగ్గా ఆ వారమే బండి కప్పుకి బిగించిన ఏసీకి మంచు పట్టింది. గాలి సన్నగిల్లి, కప్పులోంచి నీళ్లు కారాయి. పార్కులో చిన్నాచితకా రిపేర్లు నావే కాబట్టి వెల్డా నన్ను పిలిచింది.

ఏసీ జాలీకి ఆర్డిస్ ఎప్పుడో క్రోషేతో అల్లి పంపిన పువ్వుల గలీబు తొడిగి ఉంది. అక్క చూసి మురిసిపోవాలని వెల్డా ఆ వారమే పెట్టెలోంచి తీసింది. మా పార్కులో గ్యాసు సిలిండరుకి కూడా గౌను తొడుగుతారు కాబట్టి నాకేమీ వింతగా తోచలేదు. గలీబు తీశాను, ఫిల్టరు కడిగాను, ఉత్త ఫ్యాను తిప్పి మంచు కరిగించాను, గలీబు భద్రంగా తొడిగాను. మర్నాడు మళ్లీ మంచు. మళ్లీ అదంతా చేశాను. ఆ మర్నాడూ అంతే. నాకు ఒళ్లు మండిపోయింది.

మూడోసారి మంచు కరిగించి ఏసీ వేశాను. గలీబు ఇంకా నా చేతిలోనే ఉంది. అప్పుడే ఆర్డిస్ లోపలికొచ్చింది.

"పరవాలేదే, చల్లగానే ఉంది" అంది.

"ఉండక్కా, నువ్వల్లింది తొడగనీ" అని వెల్డా నా చేతిలోంచి గలీబు లాక్కుని తగిలించింది. గాలి సగానికి సగం పడిపోయింది. ముగ్గురం కప్పుకేసి చూశాం.

"ఇదా సంగతి" అన్నాను. "ముక్కూ మూతీ మూసేస్తే ఏసీ గాలెలా పీలుస్తుంది? అందుకే గడ్డకట్టుకుపోతోంది."

అక్క ఎక్కడ అలుగుతుందోనని వెల్డా ముఖం చిన్నబోయింది. ఆర్డిస్ గలీబు ఊడదీసి వెలుతురుకి పట్టి చూసింది.

"నా చెయ్యి బిగువని నువ్వు చిన్నప్పట్నుంచీ అంటూనే ఉన్నావుగా."

"నేనన్నది డబ్బు సంగతక్కా."

"రెండూ నిజమేలే."

క్రోషే సూది తీసి, కూర్చుని, దారం విప్పడం మొదలుపెట్టింది. "దిండుకి అల్లుతా. రెండు వారాలైనా పడుతుంది. నా పెట్టె కారులో ఉంది, ఎవరైనా తెండి."

నేనే వెళ్లాను. ఎత్తబోతే నడుం పట్టేసింది. ఒక్క రాత్రికి తెచ్చుకునే పెట్టె కాదది.