గోత్రం మారితే జీన్ మారుతుందా?

2023లో సంగతి. సికింద్రాబాద్‌లోని ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో నేను జెనెటిక్ కౌన్సెలర్‌ని. మందులు రాసే డాక్టర్ని కాను. జబ్బు వంశంలో నడుస్తోందేమో పరీక్ష చేయించుకునేవాళ్లకు ముందూ వెనకా విడమరిచి చెప్పడం నా పని. గంటల తరబడి మాట్లాడే ఉద్యోగం. వాగుడుకాయనని ఇంట్లో పేరున్న నాకు చక్కగా కుదిరింది.

అనసూయమ్మగారిది మెట్టుగూడ. అండాశయ క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమోథెరపీ అయ్యాయి. రక్తపరీక్షలో బీఆర్‌సీఏ అనే జీన్‌లో లోపం బయటపడింది. ఆ లోపం ఉన్నవాళ్లకు బాగా పనిచేసే మాత్ర ఒకటుంది. డాక్టరుగారు అది మొదలుపెట్టారు, ఆమె కోలుకుంటున్నారు. ఇక రక్తసంబంధీకుల్లో ఆ లోపం ఇంకెవరికి ఉందో చూడాలి. పెడిగ్రీ చార్ట్, అంటే వంశవృక్షం, గీయడానికి కుటుంబంలో అందరి పేర్లూ రాసుకురమ్మన్నాను.

వారం తర్వాత ఆమె వెంట అన్నగారు యాదగిరి వచ్చారు. రైల్వేలో రిటైరైన మనిషి. నంబర్లు వేసి నీటుగా రాసిన కాగితం నా ముందు పెట్టారు. తొమ్మిది పేర్లు, తొమ్మిదీ మగవాళ్లవే.

"ఆడపిల్లలు లేరాండీ?" అన్నాను.

"ఉన్నరు మేడం. పెండ్లిళ్లైనయి. గోత్రం మారినంక మన లెక్కల రారు గద?"

నేను నోరు తెరిచేలోపే అనసూయమ్మగారు అందుకున్నారు.

"అన్నా, నా గోత్రం మారి ముప్పై ఏండ్లాయె. మరి అమ్మను మింగిన రోగం నా దిక్కు ఎట్లొచ్చె? దానికి నా అడ్రస్ ఎవలిచ్చిండ్రు?"

నాకు నవ్వాగలేదు. యాదగిరిగారూ నవ్వారు గానీ వెంటనే మొహం వాడిపోయింది. "నా బిడ్డ స్వప్న పద్మారావు నగర్‌ల ఉంటది. గీ టెస్ట్ సంగతి అత్తగారింట్ల తెలిస్తె ఏమంటరోనని పరేషాన్ మేడం" అన్నారు మెల్లగా.

ఆయన మీద వచ్చిన చిరాకు అక్కడే పోయింది. ముందు మీరు చేయించుకోండి అన్నాను. మీకు లేకపోతే మీ నుంచి ఆమెకు వచ్చే దారే లేదు. మీకుంటే ఆమెకు రావడం, రాకపోవడం సగం సగం. చేయించుకోవాలా వద్దా అన్నది ఆమె ఇష్టం, ఆమె ఒప్పుకోనిదే రిపోర్టు ఎవరికీ చెప్పం.

ఆయనకు లోపం ఉందని తేలింది. ఈ లోపంతో మగవాళ్లకు ప్రోస్టేట్ క్యాన్సర్ ముప్పు ఉంటుంది, ఏటేటా పరీక్ష చేయించుకోవాలని నేను చెబుతుంటే వింటేగా! "నాదేముంది, నా బిడ్డ సంగతి చెప్పుర్రి" అనడమే.

స్వప్న భర్తను వెంటబెట్టుకుని తనే వచ్చింది. అత్తగారికి ముందే చెప్పేసిందట. ఆవిడ "జెర జల్ది చేయించుకో" అన్నారట. రక్తం తీసేందుకు చెయ్యి చాపుతూ, వెనకే వచ్చిన తండ్రిని ఆటపట్టించింది. "గోత్రం మారితె నీ లెక్కున్న గీ చప్పిడి ముక్కు సుత మారాలె గద డాడీ?"

తర్వాత మూడు వారాలూ యాదగిరిగారు రోజు విడిచి రోజు ఫోన్ చేశారు. ధైర్యం చెప్పానే గానీ నాకూ లోపల గుబులుగానే ఉంది. రిపోర్టు వచ్చింది. స్వప్న తండ్రిని కూడా వెంటబెట్టుకుని వచ్చింది. తండ్రికున్న ఆ లోపం స్వప్నకు లేదు. అందరు ఆడవాళ్లూ తీసుకునే జాగ్రత్తలు చాలని ఒకటికి రెండుసార్లు చెప్పాను. అంత సంతోషమేసింది.

చార్టులో లేని పేర్ల కోసం ముందు వెతకాలని నాకు నేర్పిన కేసు అది. పేరు వదిలేసిన చోట చాలాసార్లు భయం దాక్కుని ఉంటుంది. ఇప్పుడు ఎవరొచ్చినా పెళ్లయి వెళ్లిన ఆడపిల్లలతోనే చార్ట్ మొదలుపెడతాను.

ఆ రోజు యాదగిరిగారు కళ్లు తుడుచుకుని లేస్తూ అన్నారు. "పుట్టినకాడి సంది నా దగ్గరున్నదంత బిడ్డకియ్యాలెననే చూసిన మేడం. ఒక్కటి ఇయ్యనందుకు గింత సంబురమైతదని ఇయ్యాలనే తెల్సింది."