డిక్కీకి బొట్టు పెట్టలేదు

ఆ రోజుల్లో నాకు అక్షరం ముక్క రాదు గనక ఈ సంగతి ఇన్నేళ్ళూ రాయలేకపోయాను. నోటితో చాలాసార్లు చెప్పాను. కానీ చెబుతున్నంతసేపూ మా ఆయన మధ్యలో దూరి కథని తనవైపు తిప్పేసుకుంటాడు. రాతలో ఆ బెడద లేదు. జుట్టు సగం నెరిశాక మనవరాలి పలక పక్కన కూర్చుని అఆలు దిద్దాను. (ఇప్పుడు పుస్తకం పట్టుకుంటే ఆయన టీ అడిగినా నాకు వినబడదట. వినబడుతుంది.) ఈ వయసులో రాస్తే దేవుడి సంగతులు రాసుకోవాలి గానీ, నాకు ముందుగా రాయాలనిపించింది మాత్రం ఒక కారు మీద నేను పడ్డ కడుపుమంట గురించే.

ఆ కారు మా వదినది, అంటే మా ఆయన అక్కది. కలకత్తా వైపున్న మా రైల్వే ఊళ్ళోనే, ఖరిదా అనే పేటలో వాళ్ళకి బట్టల కొట్టుంది. వదిన మొగుడు, నాకు వరసకి అన్నయ్య, కలకత్తాలో ఎవరో దొర ఎప్పుడో వాడి వదిలేసిన విదేశీ కారుని కొనుక్కొచ్చాడు. పడవంత పొడుగు, మీగడ రంగు. దాని గొప్పంతా పవర్ స్టీరింగులో ఉందట. "సిటికెనేలితో తిప్పీవచ్చు" అని వదిన ఉంగరమున్న చిటికెనవేలు గాల్లో తిప్పి చూపించేది. ఆ వేలు చూస్తేనే నాకు ఒళ్ళు మండేది. అంతకన్నా పెద్ద మంట ఇంకోటుంది. మా ఆయన రైల్వే వర్క్‌షాపులో, ఇనుముని గిరగిరా తిప్పి చెక్కే లేతు మిషను మీద పనిచేసేవాడు. ఆదివారం వచ్చిందంటే ఖరిదా వెళ్ళి ఆ కారు కింద దూరేవాడు. అన్నానికి నేను గొంతు చించుకుని పిలిచినా ఉలకని మనిషి, ఆ కారు కాస్త కుయ్యిమంటే వీధి చివరనుంచి వినేవాడు. దాని బానెట్టు మీద చెయ్యేసి "ఏటే, అలిసిపోనావా" అని అడగడం నా చెవులారా విన్నాను. పెళ్ళయి వచ్చాక నన్ను ఆ మాట అడిగిన జ్ఞాపకం లేదు. నేనేం చెప్పినా "ఊ", దాని సంగతెత్తితే పురాణం.

మా ఊళ్ళో విశ్వకర్మ పూజనాడు వర్క్‌షాపు గేట్లు ఇంటివాళ్ళ కోసం తెరుస్తారు. మగవాళ్ళు పొద్దున్న పోయి సాయంత్రం నూనె మరకలతో తిరిగొచ్చే ఆ లోపలి లోకాన్ని ఆడవాళ్ళూ పిల్లలూ చూసేది ఆనాడే. కొత్త కోడలిని, నేనింకా చూడలేదు. నీ మిషను నాకు చూపించు అని నెల్లాళ్ళు పోరి ఆయన్ని ఒప్పించాను. ఆ ఉదయం మా క్వార్టర్ ముందే పనిముట్లన్నీ పీటమీద పెట్టి పసుపూ కుంకుమా అద్ది పూజ చేశారు. వదినావాళ్ళు కారు తెచ్చి దానికీ దండ వేయించారు. ఇక అందరం కారులో వర్క్‌షాపుకి బయల్దేరడమే. వదిన ముందు సీట్లో, నేను వెనక (ఎప్పటిలాగే). మా క్వార్టర్ల లైను మలుపు దగ్గర కారు తిరగనంది. అన్నయ్య స్టీరింగుని రెండు చేతులా పట్టి వేలాడినా అది రాయిలా బిగుసుకుపోయింది. పక్క క్వార్టర్ కంచెలో ముక్కు పెట్టి ఆగింది.

క్షణంలో లైనులో మగవాళ్ళంతా మూగారు. కానీ ఒక్కరూ చెయ్యెయ్యలేదు. ఆ రోజు పనిముట్టు ముట్టకూడదు, పని చేయకూడదు. అందుకని అందరూ చేతులు వెనక్కి కట్టుకుని, మెడలు మాత్రం చాచి, కారు చుట్టూ తిరిగారు. రైలు చక్రాలని సుత్తితో కొట్టి, మోతని బట్టి పగులు కనిపెట్టే ఉద్యోగం చేసి రిటైరైన ఒక పెద్దాయన ఉండేవాడు, మేం సుత్తితాత అనేవాళ్ళం. సుత్తి పూజలో ఉంది గనక ఆయన వేలి కణుపుతో చక్రాన్ని టకటకమనిపించి, "సక్రం మంచిదే. రోగం లోపలుంది" అన్నాడు. మా ఆయన కళ్ళు మూసుకుని, "బావా, ఇంజను స్టార్ట్ సెయ్యి. ఇప్పుడు తిప్పు" అన్నాడు. తిప్పగానే ముందునుంచి కీచుమని ఒక ఏడుపు వినబడింది. "నూనె మొన్ననే సూసినాను, నిండుగుంది. పంపుని తిప్పే బెల్టు వదులైపోనాది. జారిపోతంది" అని ఎంత బాధగా చెప్పాడంటే, నాకు జ్వరమొచ్చినప్పుడు కూడా ఆ గొంతు వినలేదు.

"అయితే నడిసి ఎల్దాం రండి. వర్క్‌షాపు ఎంత దూరమేటి" అన్నాను.

"నువ్వు తాతతో ఎల్లు. నాను దీన్నిలాగ ఒగ్గీసి ఎలాగొస్తాను" అన్నాడు, నావైపు చూడకుండానే.

సాయంత్రానికి గేట్లు మూసేస్తారు. మళ్ళీ ఏడాది దాకా లేదు. ఆయన ఆ కారు దగ్గరే చేతులు కట్టుకుని పొద్దు పుచ్చేటట్టున్నాడు. నాకెక్కడినుంచి వచ్చిందో తెగువ, కొత్త చీర కొంగు బొడ్లో దోపి, "ఆ బిగించేదేటో నాకియ్యండి. నానేటి వర్క్‌షాపులో పంజేస్తన్నానా" అన్నాను.

మగవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. పక్కింటి బెంగాలీ దాదా గట్టిగా ఆలోచించి, "బౌదీకా ఔజార్ తో బేలన్ హై" అని తీర్పు చెప్పాడు. బౌదీ అంటే నేను. నా పనిముట్టు అప్పడాల కర్ర, దానికి పూజ జరగలేదు గనక నేను స్వతంత్రురాలినన్నమాట. మరి స్పానర్లన్నీ పీటమీద కుంకుమతో ఉన్నాయి గదా అన్నాడు తాత. అన్నయ్య గొంతు సవరించుకుని, "కారు డిక్కీలో ఒకటుంది. ముందుకే బొట్టెట్టినాం. డిక్కీకి బొట్టెట్టనేదు" అన్నాడు. ఆ ధర్మసూక్ష్మానికి అందరూ తలలూపారు. నేను డిక్కీలోంచి స్పానరూ, ఇంట్లోంచి అప్పడాల కర్రా తెచ్చుకున్నాను.

ఇంజను ఆపించి మా ఆయన నా చెవి దగ్గరకి వంగాడు, చేతులు వెనకే. "అదిగో, ఆ రెండు సిన్న సక్రాల మద్దిన బెల్టు. బొటనేలితో నొక్కు. ఎలాగుంది?"

"మెత్తగుంది."

"సపాతీ పిండా, పూరీ పిండా?"

"సపాతీ పిండే."

"పూరీ పిండవ్వాలి. ఆ బోల్టు కొంచెం వదులు సెయ్యి. ఎడమకే. అదీ. ఇప్పుడు కర్ర పెట్టి పంపుని ఇవతలికి ఎత్తు." అప్పడాల కర్రతో ఎత్తి పట్టి, రెండో చేత్తో బోల్టు బిగించాను. పంపు నూనెని ఎలా తోస్తుందో, ఆ నూనె స్టీరింగుకి ఎలా సాయపడుతుందో ఆయన చెబుతూనే ఉన్నాడు. అంత పొడుగు మాట నాతో మాట్లాడటం అదే మొదలు. సగం అర్థం కాలేదు. ఆపుతాడేమోనని "ఊ" కూడా అనలేదు.

నన్ను పక్కకి జరిపి ఇంజను స్టార్ట్ చేయించారు. తను కూడా ఏదో ఒకటి చేయాలని వదిన స్టీరింగు ముందు చేరి ఆపకుండా పాతికసార్లు అటూ ఇటూ తిప్పింది. కీచు లేదు, తేలిగ్గా తిరుగుతోంది. "సాలు" అన్నాడు మా ఆయన. "ఇంకోపాలి తిప్పు వదినా, మంచిదేగా" అన్నాను నేను. "నా రెట్టలు పడిపోతన్నాయే" అంటూనే తిప్పింది పాపం. దిగి నా చేతికున్న నల్లటి జిడ్డు చూసి, "ఏరా తమ్ముడూ, నాకెప్పుడూ ఇవన్నీ సెప్పనేదేటి" అని మూతి ముడిచింది. ఆ మూతి చూడటానికి నేను ఇంకో కారైనా బాగుచేసేదాన్ని. ముందు సీటు నాకిచ్చింది.

వర్క్‌షాపు చేరాం. లోపల ఇనుము వాసన, అగరొత్తుల వాసన. ఆయన నన్ను వరసల మధ్యనుంచి చకచకా నడిపించి ఒకచోట ఆగాడు. ఆకుపచ్చ రంగు లేతు, బంతిపూల దండ, నుదుటి మీద నా బొట్టు కన్నా పెద్ద బొట్టు. ఆయన జేబురుమాలు తీసి దాని మీద పడ్డ అక్షతలు ఒక్కొక్కటే దులిపాడు. "నాను డ్యూటీలో సేరిన కాడినించీ ఇదే" అన్నాడు. పొద్దుటినుంచీ ఒక కారుతో పోట్లాడి గెలిచానని సంబరపడుతున్నాను. తీరా చూస్తే అసలు సవతి ఇక్కడ, నాకన్నా ముందునుంచీ, దండ వేసుకుని నిలబడి ఉంది. నవ్వాలో ఏడవాలో తెలియక దానికే దణ్ణం పెట్టి వచ్చాను.

మర్నాడు పొద్దున్న ఆయన డ్యూటీకి బయల్దేరి అన్నం డబ్బా కోసం చెయ్యి చాపితే, ఇవ్వకుండా, "మీ మిషనుకెలాగుందో. నిన్న ఊరంతా ముట్టుకున్నారు" అన్నాను. ఆయన నన్ను వింతగా చూశాడు. తర్వాత మెట్టు మీద కూర్చుని దాని ఒంట్లో సంగతులన్నీ మొదలుపెట్టాడు. ఎక్కడ వేడెక్కుతుంది, ఏ నూనె దానికి పడదు, వానాకాలం ఎలా మొరాయిస్తుంది. నేను గడపలో చతికిలబడి, ఆ మొహాన్నే చూస్తూ విన్నాను. ఇప్పుడు తలుచుకుంటే గడపలో కూర్చున్న అప్పటి ఆ పిల్ల మీద నాకు జాలీ ముద్దూ కలిసి వస్తాయి. సవతి కుశలం అడిగితే తప్ప మొగుడు మాట్లాడడని ఆ వయసుకే కనిపెట్టేసింది. సైరను కూసింది. ఆయన ఉలిక్కిపడి లేచి సైకిలెక్కి వెళ్ళిపోయాడు, డబ్బా నా ఒళ్ళోనే ఉంది. చెప్పులైనా వేసుకోకుండా, దాన్ని పట్టుకుని లైను చివరిదాకా సైకిలు వెనక పరిగెత్తాను.