బారువ నుంచి రావివలస దాకా

కారెక్కితే మా అప్పకు, అంటే అక్కకు, వాంతులవుతాయి. అద్దాలు మూసి ఏసీ వేస్తే, ఆ సెంటు సీసా వాసనకి ఊరి పొలిమేర దాటకముందే బండి ఆపమంటుంది. అందుకని రావివలస ఎండల మల్లికార్జునుడి మొక్కు తీర్చడానికి బారువ నుంచి ఆటోలూ బస్సులూ మారుకుంటూ వెళ్లడమే మేలని తేల్చేసింది.

మొక్కు బావ కోసం. బావ విహార నౌకల్లో పనిచేస్తాడు. అంటే పైన తిరిగే పని కాదు. నీటిమట్టానికి కింద, కిటికీ లేని అంతస్తులో, దుప్పట్లూ తువ్వాళ్లూ ఉతికి ఇస్త్రీ చేసే చోట. కిందటేడు ఇస్త్రీ మిషన్‌లో అతని ఎడమ చెయ్యి కాలింది. చెయ్యి దక్కితే ఆయన్ని తీసుకొచ్చి నీ మీద నీళ్లు పోయిస్తానని అప్ప ఇక్కడి నుంచే దణ్ణం పెట్టుకుంది. చెయ్యి దక్కింది. కాంట్రాక్టు అయ్యి, రెండు నెలల సెలవు మీద బావ ఇంటికొచ్చాడు.

నేను కాశీబుగ్గలో ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు తెలుగు చెబుతాను. సోంపేట నుంచి రావివలస ఉన్న టెక్కలి వైపు పోవాలంటే మా ఊరి బస్టాండులోనే బస్సు మారాలి. నేను అక్కడ కలుస్తానని ఫోనులో అంటే అప్ప ఒప్పుకోలేదు.

“మొక్కుకెల్తన్నాం. ముగ్గురం ఒక్క గడప దాటి ఎల్లాల. శనివారం సాయంత్రానికి వచ్చీ.”

వారానికి దొరికేది ఒక్క ఆదివారం. శనివారం బడి వదలగానే బస్సెక్కి బారువ పోయి, తెల్లారి అదే దారిలో వెనక్కి రావాలి. ఆ మాట అనలేకపోయాను. అమ్మ పోయాక నాకు జడలు వేసింది అప్పే.

బారువ ఒకప్పుడు రేవు. సముద్రం అవతల రంగం వెళ్లే ఓడలు ఇక్కడే ఆగేవని అప్ప అత్తగారు చెప్పేది. ఇప్పుడు ఇసుక మీద తెప్పలూ, ఎండుచేపలూ తప్ప ఏమీ లేవు. అక్కడ పుట్టిన బావ ఓడెక్కాలంటే ముందు విమానం ఎక్కి ఏదో దేశం పోవాలి.

ఆదివారం పొద్దున్న నేను లేచేసరికి బావ స్నానం చేసి, చొక్కా తొడుక్కుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

“ఆఖరి బస్సు ఎన్నింటికి?” అన్నాడు నన్ను చూసి.

“ఏ బస్సు బావా?”

“టెక్కలి నుంచి ఇటు తిరిగొచ్చీది.”

“ఇంకా బయల్దేరనేలేదు కదా.”

“అడిగుంచుకుంటే మంచిది కదేటి.”

సోంపేట దాకా షేరాటో. మా కాళ్ల దగ్గర ఎండుచేపల బుట్ట. అప్ప కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని బయటికి చూస్తూ కూర్చుంది. సోంపేటలో బస్సు ఎక్కడం ఒక యుద్ధం. ఆడవాళ్లకి టికెట్టు లేదన్నప్పటి నుంచీ ఆదివారం నాడు సీటు దొరకడం అంటే మాటలు కాదు. ఆధార్ కార్డులు చేతుల్లో పట్టుకుని తోసుకున్నాం. అప్పకి కిటికీ పక్కన దొరికింది. నేను కొబ్బరికాయల సంచి ఒళ్లో పెట్టుకుని ఎవరిదో మోచెయ్యి మెడకి తగులుతుండగా కూర్చున్నాను. బావ మెట్ల దగ్గర నిలబడి, డబ్బులు తీసి తనొక్కడికే టికెట్టు కొట్టించుకున్నాడు. అక్కడ కూడా కండక్టరుని అడిగాడు, తిరుగు బస్సు ఆఖరిది ఎప్పుడని.

“ముందు ఎల్లనియ్యండి బాబూ,” అని కండక్టరు నవ్వాడు.

కొబ్బరి తోటలు, జీడి తోటలు దాటిపోతున్నాయి. నేను కళ్లు మూసుకున్నాను.

కాశీబుగ్గలో దిగినప్పుడు నా గది ఉన్న వీధి మొగ కనిపిస్తూనే ఉంది. వెళ్లి ఒక్క గంట పడుకుంటే చాలనిపించింది. టెక్కలి బస్సు కదలబోతుంటే పరుగెత్తి ఎక్కాం. బావ ఈ కండక్టరునీ అదే ప్రశ్న అడిగాడు. అప్ప కిటికీ మీంచి తల తిప్పింది.

“ఏటది? దిగినకాడల్లా తిరుగు బస్సు అడుగుతావు. నిన్ను కట్టేసి తెత్తన్నామనుకుంటారు జనం.”

బావ జవాబు టెక్కలి బస్టాండులో టీ తాగుతున్నప్పుడు చెప్పాడు. మేము మళ్లీ అడగలేదు.

“ఒక ఊళ్లో, రేవు గేటు బయటే సిటీ బస్సు ఆగుతాది. ఆ బస్సెక్కితే కొండ మీద పాత కోట కాడ దింపుతాది. ఓడ మీంచి కనపడతాది కోట. దొరలందరూ ఎల్లి వత్తారు. నాకూ నాలుగ్గంటలు సెలవిచ్చారు. బస్సెక్కాను. కొంచెం దూరం ఎల్లేక రోడ్డు మీద బళ్లు ఆగిపోయాయి. ఓడ నన్ను ఒదిలేసి ఎలిపోతాదనిపించింది. దిగిపోయి రేవుకి పరిగెత్తాను. ఓడ సాయంత్రానికి గానీ కదల్లేదు.”

“తర్వాత మళ్లీ వెళ్లలేదా?” అన్నాను.

“నేదు. ఏ ఊళ్లోనూ ఎల్లలేదు. గేటు కాడ బల్ల మీద కూకుని వచ్చీవోణ్ణి.”

అప్ప గ్లాసు కింద పెట్టింది.

“మరి నాకు పంపిన ఊళ్ల ఫొటోలు?”

“నా గదిలో కుర్రోడు తీసినయి. అయ్యే నీకు పంపేవోణ్ణి.”

“ఊరు సూసేను, బాగుందని సెప్పీవోడివి.”

“నువ్వు అడిగీదానివి కదా.”

ఆ ఫొటోలు అప్ప వీధంతా చూపించింది. నేనూ తక్కువ తినలేదు. మా బావ ఈ ఊరు చూశాడని బళ్లో పటం మీద పిల్లలకి వేలు పెట్టి చూపించాను. ఇప్పుడు కోపం రావాలేమో, రాలేదు. కూర్చున్న చోటి నుంచి లేవాలని కూడా అనిపించలేదు. అప్ప టీ సగంలో వదిలేసి ఆటోల వైపు నడిచింది. రావివలసకి ఆటో ఎక్కాం.

అక్కడ స్వామికి పైకప్పు లేదు. ఎండలోనే ఉంటాడు. మేము చేరేసరికి నడినెత్తి మీద సూర్యుడు. రాతి నేల మీద అరికాలు ఆన్చలేక గెంతుకుంటూ వెళ్లాం. అప్ప చెంబు బావ చేతికిచ్చి, ఆ కాలిన చెయ్యి కింద తన చెయ్యి పెట్టి నీళ్లు పోయించింది. లింగం మీంచి కారిన నీళ్లు నేల మీద పడి చూస్తుండగానే ఇగిరిపోయాయి.

గోడ నీడన కూర్చుని, తెచ్చుకున్న పులిహోర విప్పాం. బావ నాలుగు ముద్దలు తిన్నాడు. చెయ్యి కడుక్కొచ్చి గోడకి ఆనుకున్నాడు. అంతే, నిద్రపోయాడు. నోరు కొద్దిగా తెరుచుకుంది. మేము మాట్లాడినా, పక్కన పిల్లలు కేకలేసినా కదల్లేదు. కాసేపు చూసి, టెక్కలిలో తిరుగు బస్సు టైము అవుతోందని లేపబోయాను.

“లేపకు,” అంది అప్ప.

“బస్సు పోతుంది.”

“పోతే పోనీ.”

“రేపు నాకు బడి, అప్పా.”

“తెలుసు.” విస్తరాకుతో అతని ముఖం మీద ఈగలు తోలుతోంది. “ఇంటికాడ కూడా నిద్రపోడు. తెల్లారకముందే లెగిసి కూకుంటాడు, ఎవులో పిలిసినట్టు. నేనేమో ఊళ్లన్నీ సూత్తన్నాడు, సుకపడతన్నాడనుకున్నాను.”

నేనూ గోడకి తల ఆనించాను.

మెలకువ వచ్చేసరికి బావ గేటు దగ్గర ఉన్నాడు, చెప్పులు కూడా లేకుండా. నీడ బారుగా సాగింది.

“పోయింది. బస్సు పోయుంటాది,” అంటున్నాడు.

అప్ప కూర్చున్న చోటి నుంచి లేవలేదు. గొంతు పెంచలేదు.

“పోయింది. ఇంకోటి వత్తాది. రాపోతే సెల్లి ఇంటికాడ పడుకుంటాం. నిన్ను దింపేసి ఎలిపోడానికి ఇక్కడ ఓడేటీ నేదు.”

బావ పట్టుకున్న గేటు వదిలేశాడు. తర్వాత వెనక్కి వచ్చి మా పక్కన కూర్చుని మంచినీళ్లు అడిగాడు. అప్ప సీసా ఇచ్చింది. సీసా ఖాళీ అయ్యేదాకా తాగాడు.

టెక్కలి వెళ్లేసరికి సోంపేట పోయే బస్సు వెళ్లిపోయింది. కాశీబుగ్గ దాకా పోయేది దొరికింది. బావ ఆ కండక్టరునీ అడిగాడు, పొద్దున్న సోంపేటకి మొదటి బస్సు ఎప్పుడని. ఏళ్ల తరబడి పట్టిన అలవాటు ఒక్క మధ్యాహ్నం నిద్రతో పోదు. అప్ప ఈసారి తల తిప్పలేదు.

నాది ఒక్క గది. అన్నం వండి, చారు కాచాను. వాళ్లిద్దరికీ కింద చాప వేసి, నేను మంచం మీద పడుకున్నాను. పొద్దున్న నేను బడికి తయారయ్యేసరికి ఇద్దరూ ఇంకా నిద్రలోనే ఉన్నారు. బావ చెయ్యి చాప దాటి నేల మీద పడి ఉంది. మొదటి బస్సు వెళ్లిపోయి చాలాసేపైంది. తాళంచెవి పక్కింట్లో ఇచ్చి వెళ్లమని చీటీ రాసి, తలుపు దగ్గరగా వేసి బయటపడ్డాను. మధ్యాహ్నం పాఠం చెబుతూ ఏ పద్యంలో ఉన్నానో రెండుసార్లు మరిచిపోయాను.

సాయంత్రం వచ్చేసరికి గిన్నెలు తోమి బోర్లించి ఉన్నాయి. అప్ప ఫోను చేసింది.

“ఇంటికి సేరిపోయాం. కాళ్లు పీకేత్తన్నాయి.”

“నాకూ అంతే. బావేం చేస్తున్నాడు?”

“అరుగు మీద కూకున్నాడు.”

నెల తిరక్కుండానే సెలవు అయిపోయి, బావ మా కాశీబుగ్గ పక్కనే ఉన్న పలాసలో రైలెక్కి, అక్కడి నుంచి విమానానికి వెళ్లిపోయాడు. ఆ రోజు నాకు సెలవు దొరకలేదు. అప్ప ఒక్కతే స్టేషనుకి వచ్చి అతన్ని సాగనంపి, బస్సు మీద తిరిగి వెళ్లింది. నన్ను చూడకుండానే వెళ్లిపోయావేం అని ఆ రాత్రి ఫోనులో అంటే, “ఓపిక నేదమ్మా,” అంది.