ముక్కు కోసిన చెక్క

ఆ రోజుల్లో నా కంటికి వంకర కనబడితే అన్నం సహించేది కాదు. దర్శి దగ్గర మా కల్లంలో మిరపకాయల్లో తాలు ఏరి ఏరి పదునెక్కిన కళ్ళాయె, చీమకుర్తిలో గ్రానైటు పలకలు సరిచూసే ఉద్యోగంలో చేరాక పొగరు కూడా ఎక్కింది. సుద్దదారం లాగి, వెంట్రుకవాసి వంపున్నా "పనికిరాదు" అనేసేవాణ్ణి. (పెళ్ళి సంబంధాల్నీ అలాగే అన్నానని మా అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.)

పలకలు లారీకెక్కించేవాళ్ళలో కొత్తపట్నం నుంచి వచ్చిన ఒకతన్ని తెప్ప బావ అనేవాళ్ళం. సముద్రంలో చేపలవేట నిషేధం ఎత్తెయ్యగానే మేనమామ పడవలో చోటు ఖాయమైందని, ఇక రాళ్ళ ముఖం చూడనని రోజుకు పదిసార్లు చెప్పేవాడు. ఆ వేసవిలో మా ఆఫీసుకు విదేశీ క్యాలెండరొకటి వచ్చింది. అందులో ఒక దొర పొడుగాటి చెక్క మీద నిలబడి, తెడ్డు వేస్తూ, గాలి వెనకనుంచి తోస్తుంటే నడిసముద్రంలో అలల మీద జారిపోతున్నాడు. నాకు ఈత రాదు. అయినా నేనూ అలా వెళ్ళాలని బావతో అన్నాను.

బావ తన తండ్రి వాడిన పాత తెప్ప విప్పి, దుంగలు చెక్కి రెండు చెక్కలు తయారుచేశాడు. "వెడల్పుది తీసుకోరా. పొడుగుది బాగా పరిగెత్తుద్ది గానీ నిన్ను నిలబడనియ్యదు" అన్నాడు. నేను క్యాలెండరు దొరనాయె, పొడుగుదే కావాలన్నాను. ఆయన టీకి వెళ్ళినప్పుడు చూస్తే దాని ముక్కు పైకి తిరిగి వంకరగా ఉంది. దారం పట్టి, రంపంతో జానెడు ముక్క తిన్నగా కోసేశాను.

"ఒరేయ్! ముక్కు కోసేశావేంట్రా?"

"వంకరగా ఉంది బావా."

కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. "అల దిగేటప్పుడు ముక్కు పైకి లేవాలిరా. లేకపోతే నీళ్ళలోకి దూరుద్ది. సరేలే, దీన్ని నేనెక్కుతా, నువ్వు వెడల్పుది ఎక్కు."

కొత్తపట్నం సముద్రంలోకి దిగాక, దక్షిణపు గాలికి రెండు అలలు దాటేదాకా ఆయన కొంగలా ఎగిరిపోయాడు. నేను మోకాళ్ళ మీద కూచుని దేవుళ్ళందర్నీ పిలుస్తున్నాను. మూడో అలకి ఆ మొండి ముక్కు నీళ్ళలో దిగబడింది. చెక్క పైకి లేచి ఆయన కుడిభుజం మీద పడింది. ఎలాగో ఈదుకొచ్చి నా చెక్క పట్టుకున్నాడు. నేను ఆయన చొక్కా పట్టుకుని ఏడుస్తున్నాను. "అరవకురా, కాళ్ళు కొట్టు" అన్నాడు పళ్ళు బిగించి. అలలే మమ్మల్ని ఒడ్డుకు తోశాయి.

ఒంగోల్లో కట్టు కట్టారు గానీ ఆ చెయ్యి మళ్ళీ చెవిదాకా లేవలేదు. పడవలో చోటు ఇంకొకరికి పోయింది. బావ మా గేటు దగ్గర వాచ్‌మన్ అయ్యాడు. నన్ను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది.

కోసిన ముక్క ఇప్పటికీ నా టేబులు మీద కాగితాలు ఎగరకుండా ఉంటుంది. మొన్న బావ దాన్ని చూశాడు.

"ఇంకా పారెయ్యలేదేంట్రా?"

"మనసొప్పలేదు బావా."

"చెక్క మా ఇంట్లోనే ఉందిలే. భుజం లేచినరోజు అతికిద్దాం" అంటూ ఎడమచేత్తో గేటు తియ్యడానికి వెళ్ళాడు.

రంపం పట్టుకుని గర్వంగా నిలబడ్డ ఆనాటి కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. నవ్వాక, ఈసారి గేటు నేనే తియ్యడానికి లేస్తాను.